సీలు మార్చే ముందు

గోదావరి డెల్టాలో దమ్ము పనులు మొదలైతే ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ ముందు యాక్సిల్‌కు రోజంతా బురదనీళ్లతోనే సహవాసం. లోపలి గేర్లనూ బేరింగులనూ కాపాడేది గేర్ ఆయిల్. చక్రం తిరిగే చోట ఆ ఆయిల్‌కూ బయటి నీళ్లకూ మధ్య అడ్డు నిలిచేది ఆయిల్ సీలు. అక్కడ ఆయిల్ కారితే సీలు పోయిందని ఎవరైనా చెబుతారు. అదెందుకు పోయిందో తేల్చేవాడే నా దృష్టిలో మంచి మెకానిక్.

అతను ముందు యాక్సిల్‌ను శుభ్రంగా కడిగిస్తాడు. తుడిచి, కాసేపు నడిపి చూస్తే గానీ ఆయిల్ ఎక్కడ పుడుతోందో తెలియదు. తర్వాత డ్రెయిన్ ప్లగ్ విప్పుతాడు. బండి రాత్రంతా నిలిచి ఉంటే అడుగుకు దిగిన నీళ్లు ముందుగా వస్తాయి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉందంటే గేర్లు రెండింటినీ చిలికేశాయన్నమాట. ప్లగ్‌కు అంటిన మడ్డిని వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. మెత్తటి పేస్టయితే మామూలు అరుగుదలే. ఇనుప ముక్కలు తగిలితే గేరో బేరింగో దెబ్బతిన్నట్టు.

ఈ పనిలో నన్ను బాగా ఆకట్టుకునేది బ్రీదర్ పరీక్ష. యాక్సిల్ లోపలి గాలి వేడికి పెరిగినప్పుడు బయటికి పోయే చిన్న దారి అది. బురద ఎండి అది పూడుకుపోయిందనుకోండి. 30 డిగ్రీల గాలి 60 డిగ్రీలకు చేరితే లోపలి ఒత్తిడి దాదాపు పదో వంతు పెరుగుతుంది. ఆ ఒత్తిడికి సీలు అంచునుంచి ఆయిల్ బయటికి వస్తుంది. అదే వేడి యాక్సిల్ చల్లటి మడినీళ్లలోకి దిగితే గాలి కుంచించుకుపోయి, అదే అంచునుంచి నీళ్లు లోపలికి లాగుతుంది. ఆయిల్ తగ్గడానికీ నీళ్లు చేరడానికీ ఒకే మూలం. బ్రీదర్‌ను వదిలేసి సీలు మారిస్తే కొత్తదానికీ అదే గతి.

చక్రం పైకి లేపి ఊపి చూస్తాడు. బేరింగ్ వదులైతే ఏ సీలూ నిలవదు. పాత సీలు తీశాక హబ్‌కు చుట్టుకున్న ప్లాస్టిక్ దారమో తీగో ఉందేమో వెతుకుతాడు. సీలు ఆనే చోట గోరుతో గీసి చూస్తాడు; గాడి తగిలితే ముందు దాని సంగతి చూడాలి. కొత్త సీలు లిప్‌కు గ్రీజు రాసి, స్ప్రింగు వైపు ఆయిల్ దిక్కుకు పెట్టి, చుట్టూ సమానంగా తడుతూ కూర్చోబెడతాడు.

ఆయిల్ పోయడంలోనూ తొందర ఉండదు. చిక్కటి ఆయిల్ రెండు కొసలకూ చేరేదాకా ఆగి, లెవెల్ ప్లగ్ దగ్గర మళ్లీ చూసి, తగ్గినంత పోస్తాడు. ఒక రోజు దమ్ము చేశాక బండిని మళ్లీ రప్పించి లెవెల్ తగ్గలేదనీ, ఆయిల్ రంగు మారలేదనీ చూసుకున్నాకే పని అయిందంటాడు. బిల్లులో సీలు ధర, కూలీ మాత్రమే ఉంటాయి. రైతుకు ఆ సీజన్ దక్కేది మాత్రం ఈ ఓపికైన పరిశీలన వల్లే.