కట్టుకు లొంగనిది ఊపిరి

ఎముక విరిగిందంటే మద్రాసు నుంచి కూడా కారెక్కి మా పుత్తూరికి వచ్చేస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ పట్టీతో ఇక్కడ కట్టు కడతారు. దారిలో ఇడ్లీ తినడానికి ఆగినా ఎముక ఓర్చుకుంటుంది. నీళ్లలో స్పృహ తప్పినవాడు ఓర్చుకోలేడు.

విశాఖ ఋషికొండలో స్కూబా నేర్చుకుంటున్నప్పుడు నాకు కొరుకుడు పడనిది ఇదే. ఆలస్యం కూడని అక్కడే మొదట మాన్పించేది తొందర. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ ఊపిరి బిగబట్టి పైకొస్తే ఛాతీలోని గాలి రెండింతలవ్వాలని చూస్తుంది, ఊపిరితిత్తులు చిరుగుతాయి. అందుకే గాలి వదులుతూ, నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకుండా రావాలి.

తోటివాడు స్పృహ తప్పితే? అమెరికాలోని అండర్‌సీ అండ్ హైపర్‌బారిక్ మెడికల్ సొసైటీ నిపుణులు 2012లో దీనికి పద్ధతి చెప్పారు. గాలి అందించే రెగ్యులేటర్ నోట్లో ఉంటే అదిమిపట్టాలి. ఊడిపోయి ఉంటే మళ్లీ పెట్టబోయి కాలం పోగొట్టకుండా పైకి తేవాలి. ఫిట్స్ వస్తుంటే, రెగ్యులేటర్ నోట్లోనే ఉంటే, కొట్టుకోవడం తగ్గేదాకా అదే లోతులో పట్టుకుని ఆగాలి. ఒడ్డున కూర్చుని చదివితే ఎంత తేలిక!

కష్టమైన ఘట్టం మరొకటుంది. కాపాడేవాడు ఎక్కువసేపు లోతున ఉండి, ఒంట్లో చేరిన నత్రజని వదిలించుకోవడానికి మధ్యలో ఆగి తీరాల్సినవాడైతే, రోగి జాకెట్‌లో గాలి నింపి ఒక్కణ్నే పైకి వదిలేయవచ్చు. నత్రజని బుడగల జబ్బుకు ప్రెషర్ చాంబర్ వైద్యముంది. ఊపిరాగినవాడికి నీటి అడుగున ఏ వైద్యమూ లేదు. 2025 జులై 18న విశాఖలో నౌకాదళంలో చేరిన ఓడ ఐఎన్ఎస్ నిస్తార్‌లో ప్రెషర్ చాంబర్లున్నాయి. 

పైకి తేల్చగానే నోటితో రెండు ఊపిరులు. నీళ్లలో ఛాతీ నొక్కడం కుదరదు, నొక్కబోవద్దు. పడవ ఐదు నిమిషాల లోపు దూరంలో ఉంటే మధ్యమధ్యన ఊపిరి ఊదుతూ లాక్కెళ్లాలి. పడవలో ముప్ఫై నొక్కులకు రెండు ఊపిరులు, నూరు శాతం ఆక్సిజన్.

మా మూలకోన, కైలాసకోన జలపాతాలకైనా, పొలంలో బావికైనా ఈ చివరి భాగం అంతా వర్తిస్తుంది, ఆక్సిజన్ సిలిండర్ ఒక్కటి తప్ప. కానీ మనవాళ్లు ఒడ్డుకు లాగినవాణ్ని తలకిందులుగా పట్టి గిరగిరా తిప్పుతారు, కడుపు నొక్కుతారు. కక్కించాల్సిన నీళ్ల మీదే ధ్యాస. అతనికి కావాల్సింది గాలి. ఒకరు 108కి ఫోన్ చేయండి, ఇంకొకరు ఊపిరి ఊదడం మొదలెట్టండి. తిప్పేవాళ్లను, వాళ్లు ఎంత పెద్దమనుషులైనా సరే, పక్కకు తోసేయండి.