విడిగా నిలిచే పుట: సాంకేతిక రచనపై ఒక విమర్శ

మీలో కొందరు ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ముగించుకొని, గాజువాకలో బస్సు కోసం నిలబడి ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. అందుకే ఉదాహరణను అటువైపు నుంచే తీసుకుందాం. కింది వాక్యం ఈ పాఠం కోసం కల్పించినదే. ఏ కర్మాగారపు పుస్తకంలోదీ కాదు.

“పైన పేర్కొన్న జాగ్రత్తలన్నియు తీసుకొనిన పిదప దీనిని తెరవవలెను.”

ఇందులో వ్యాకరణ దోషం లేదు. పుస్తకాన్ని మొదటి నుంచి చదివినవారికి అర్థమవుతుంది కూడా. అయితే ఈ ఒక్క పుటనే ఎవరో జిరాక్స్ తీసి గ్యాస్ లైను పక్కన గోడకు అంటించారనుకోండి. ‘పైన’ ఏముంది? రేకుల కప్పు. ‘దీనిని’ అంటే మ్యాన్‌హోల్ మూతా, వాల్వా? బ్లాస్ట్ ఫర్నెస్ గ్యాస్‌లో సుమారు ఐదో వంతు కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చదివేవాడు తప్పుగా ఊహిస్తే సరిదిద్దుకొనే వ్యవధి దొరకకపోవచ్చు.

అదే పుటకు “బ్లాస్ట్ ఫర్నెస్ గ్యాస్ లైను మ్యాన్‌హోల్ మూత విప్పడం” అని శీర్షిక పెట్టి, లైనును వేరుచేయడం, నైట్రోజన్‌తో గ్యాస్‌ను తోలివేయడం, కార్బన్ మోనాక్సైడ్ కొలవడం, పర్మిట్ తీసుకోవడం అక్కడే రాస్తే, ఆ పుట ఏ గోడమీదైనా తన పని తాను చేస్తుంది.

ఇది మనకు కొత్త విద్య కాదు. మన అలంకారికులు ముక్తకమన్నది దీనినే: ముందు పద్యంతో, వెనుక పద్యంతో పనిలేకుండా అర్థమిచ్చే పద్యం. వేమన పద్యాల రాతప్రతుల్లో సంఖ్యా, వరుసా ఒకటిగా లేవు. సి.పి. బ్రౌన్ వాటిని 1829లో అచ్చు వేసినప్పుడు విషయాన్ని బట్టి తన పద్ధతిలో అమర్చుకున్నాడు. అయినా ఏ పద్యమూ చెడలేదు. మకుటాన్ని కూడా గమనించండి. ఆటవెలది నాలుగు పాదాల్లో ఒకటి మకుటానికే పోతుంది. చెప్పదలచినది మూడు పాదాల్లో ముగించాలి. ఒకసారి కుదిరిన ఆ పాదాన్ని వందల పద్యాల్లో తిరిగి వాడుకోవచ్చు. సాంకేతిక రచనలో ప్రమాద హెచ్చరిక స్థానం అదే. ఒకచోట రాసి, అవసరమైన ప్రతి పుటలోకీ అదే పాఠాన్ని తెచ్చుకోవాలి. మార్పు వస్తే ఒక్కచోట మారిస్తే చాలు. ఐ.బి.ఎం. సంస్థలో రూపొంది, 2005లో ఒయాసిస్ ప్రమాణంగా వచ్చిన ‘డిటా’ పద్ధతి ఈ పనినే కంప్యూటర్‌కు అప్పగించింది. భావన, పని, సమాచారం అని అది పుటలను ప్రధానంగా మూడు రకాలుగా విడదీస్తుంది. పేర్లు గుర్తు లేకపోయినా నష్టం లేదు. వివరణనూ చేయవలసిన పనినీ ఒకే పేరాలో కలపకూడదన్నదే అసలు విషయం.

అయితే ఈ పద్ధతిని మెచ్చుకొనేవారు ఒక లోపాన్ని తేలికగా దాటవేస్తారు. శతకంలో ఒక పద్యం పోతే ఒక పద్యమే పోతుంది. కర్మాగారం శతకం కాదు. కోక్ ఓవెన్ నుంచి బ్లాస్ట్ ఫర్నెస్‌కు, అక్కడి నుంచి కన్వర్టర్‌కు, కాస్టింగ్‌కు, రోలింగ్ మిల్లుకు సాగే గొలుసు అది. కొత్తగా చేరిన ట్రైనీకి రెండు వందల విడి పుటలు ఇస్తే మూత విప్పడం నేర్చుకుంటాడు కానీ ఆ గ్యాస్ ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతోందో అతనికి తెలియదు. ఆ కథ చెప్పడానికి ఆదీ అంతమూ ఉన్న పాఠం వేరుగా ఉండాలి. ముక్కలు చేయడమే నేర్పు అనుకొన్న రచయిత చేతిలో పుస్తకం చీటీల మూటగా మిగులుతుంది.

మన దూరవిద్య పాఠాలకూ ఈ విమర్శ తగులుతుంది. ‘గత భాగంలో తెలుసుకున్నారు కదా’ అనే వాక్యం మీకు చాలాచోట్ల కనిపించే ఉంటుంది. గత భాగం ఇంకా పోస్టులోనే ఉన్న విద్యార్థికి అది తలుపు మూయడమే.

అభ్యాసం: మీరు పనిచేసే చోటనుంచో, ఇంట్లోని ప్రెషర్ కుక్కర్ పుస్తకం నుంచో ఒక పుట తీసుకోండి. ‘పైన’, ‘కింద’, ‘దీనిని’, ‘ముందు చెప్పినట్లు’ అన్న మాటల కింద గీత గీయండి. ఆ పుట ఒక్కటే ఇచ్చి, ఆ పని ఎన్నడూ చేయనివారిచేత చదివించండి. వారు ఎక్కడ ఆగి మీ ముఖం చూశారో అక్కడ తిరిగి రాయండి.