పెకింగ్ ఆర్డర్: ముక్కుతో గీసిన వరస

పెరట్లో కోళ్ల ముందు గుప్పెడు నూకలు చల్లి చూడండి. ఒక పెట్ట తిన్నగా వచ్చి తింటుంది. రెండోది దగ్గరికొస్తే నెత్తి మీద టక్కున ఒక్క పోటు. అది మెడ ముడుచుకుని తప్పుకుంటుంది, తప్పుకుంటూనే వెనకున్న మూడోదాన్ని పొడుస్తుంది. మూడోది తిరిగి పొడవదు. ఇంగ్లీషు వాళ్ల ‘పెకింగ్ ఆర్డర్’ అనే నుడికారం పుట్టింది ఈ కాస్త చోటులోనే.

ఈ వరసను పట్టుకున్నవాడు నార్వే దేశస్థుడు షెల్డెరప్-ఎబ్బె. చిన్ననాటి నుంచే కోళ్ల దగ్గర కూర్చుని, ఏది దేన్ని పొడుస్తోందో చూసేవాడు. 1922లో జర్మన్ భాషలో అచ్చైన వ్యాసంలో ఆ సంగతంతా చెప్పాడు. పది పెట్టలుంటే 45 జతలు. జతజతకూ లెక్క తేలాల్సిందే. తేలాక కొట్లాటలు తగ్గుతాయి, కొత్త పెట్టను వదిలితే మళ్లీ రేగుతాయి. ఈ వరసకున్న జర్మన్ మాటే ఆ దశాబ్దంలో ఇంగ్లీషులోకి దిగి పెకింగ్ ఆర్డర్ అయింది.

ఇంగ్లీషులో అప్పటికే ‘హైరార్కీ’ ఉంది. అది మొదట్లో దేవదూతల అంతస్తులకు వాడిన మాట. అందులో చూపంతా పైకే. పెకింగ్ ఆర్డర్ చూపు కిందికి. ఎవరు గొప్ప అని కాదు, ఎవరు ఎవర్ని పొడవగలరు అని అడుగుతుంది. నాకు ఇందులో ముచ్చటేసే పనితనం ఇదే: ‘ఆర్డర్’ అనే పొడిమాట పక్కన చిన్న ముక్కు పెట్టేసరికి, ప్రతి మెట్టు మీదా నొప్పి తెలుస్తుంది.

అందుకే ఆఫీసు గోడకు తగిలించిన హోదాల పట్టికకు ఈ మాట సరిగ్గా అతకదు. మీటింగులో ఎవరి మాటకు ఎవరు అడ్డుపడగలరో, ఎవరు నోరెత్తకుండా ఊరుకుంటారో, అక్కడ అతుకుతుంది. ఫుట్‌బాల్ విలేఖరులు గోల్‌కీపర్ పెకింగ్ ఆర్డర్‌లో కిందికి జారాడని రాస్తే, కోచ్ ఏ ప్రకటనా చేయకపోయినా ఆటగాళ్లందరికీ తెలిసిపోయిన సంగతి అది.

తెలుగులో ‘అధికార శ్రేణి’ అంటే ముక్కు ఊడిపోతుంది. నేనైతే ‘పొడుపు వరస’ అంటాను. మనకు వరసంటే క్రమమే కాదు, చుట్టరికం కూడా. పొడిచేదీ పొడిపించుకునేదీ ఒకే గూట్లో పడుకుంటాయి కదా.

అన్నిటికన్నా చివరి పెట్ట మాత్రం ఎవర్నీ పొడవదు. మిగతావి తిని వెళ్లాక వచ్చి, కాళ్లతో మట్టి గీరి, మిగిలిన నూకలు వెతుక్కుంటుంది.