గట్టిగా వినబడితే చాలదు

మేడ్చల్ నాగపూర్ హైవే మీద, శామీర్‌పేట రాజీవ్ రహదారి మీద. నేరుగా గీత గీస్తే మధ్య దూరం పది పన్నెండు కిలోమీటర్లే. అయినా గుట్టలూ కొత్త అపార్ట్‌మెంట్లూ అడ్డం. చేతిలో పట్టే అయిదు వాట్ల సెట్టు ఆ అడ్డం దాటలేక ఆయాసపడుతుంది. అందుకే హామ్ రేడియోవాళ్లం ఎత్తున రిపీటర్ పెడతాం, అదీ అందని చోట రెండు సెట్లను వైరుతో కలిపి లింకు చేస్తాం. చిక్కు ఆ వైరు దగ్గరే మొదలవుతుంది.

"అన్నా, నీ గొంతు బాయిలకెళ్లి వచ్చినట్టున్నది. వాల్యూమ్ ఫుల్ పెట్టినా సరిపోతలేదు" అన్నాడు శామీర్‌పేట తమ్ముడు. సిగ్నల్ మీటరేమో నిండుగా ఉంది. అలాంటప్పుడు యాంటెన్నాను అనుమానించడం దండగ. చాలాసార్లు ఒక సెట్టు నారోలో, రెండోది వైడ్‌లో ఉంటాయి.

ఎఫ్ఎంలో మన గొంతు ఫ్రీక్వెన్సీని అటూ ఇటూ ఊపుతుంది. వైడ్‌లో ఆ ఊపు 5 కిలోహెర్ట్జ్ దాకా, నారోలో 2.5 దాకా. నారో మాటను వైడ్ సెట్టు వింటే ఊపు సగమే కనబడుతుంది, ఆడియో 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అటుదిటు చేస్తే ఇంకా కష్టం. వైడ్ మాటకు సుమారు 16 కిలోహెర్ట్జ్ చోటు కావాలి, నారో రిసీవర్ ఫిల్టర్ అంత తెరుచుకోదు. మెల్లగా మాట్లాడితే బాగానే ఉంటుంది, గొంతు లేచిన చోటల్లా పరపరమని చిట్లుతుంది.

చాలామంది చేసే మరమ్మతు, లింకు ట్రాన్స్‌మిటర్ మైకు గెయిన్ పెంచేయడం. నాకది అస్సలు నచ్చదు. మాటతో పాటు హిస్సూ పెరుగుతుంది. ఆ తర్వాత వైడ్ సెట్టువాడు నోరు తెరిస్తే లిమిటర్ అతని గొంతును బల్లపరుపుగా కోసేస్తుంది. సరైన పని రిసీవర్ వైపు నుంచి మొదలవ్వాలి. వచ్చే మాట ఏ వెడల్పుదో రిసీవర్‌నూ ఆ వెడల్పులోనే పెట్టాలి. వెయ్యి హెర్ట్జ్ టోన్ పంపి కొలవాలి: వైడ్‌లో 3 కిలోహెర్ట్జ్ లోపలికొస్తే 3 బయటికి పోవాలి, నారోలో 1.5 వస్తే వైడ్ వైపు 3 పోవాలి. ప్రీ-ఎంఫసిస్, అంటే పంపేముందు గొంతులోని పై శ్రుతులను పెంచడం, రెండుసార్లు పడుతోందేమో కూడా చూడాలి. పడితే గొంతు రేకు డబ్బాలా మోగుతుంది, గెయిన్ ఎంత తిప్పినా ఆ మోత పోదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, 1983లో హైదరాబాద్‌లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో చేసిన పని నాకు గుర్తొస్తుంది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్‌తో పాటు ఆ సంస్థ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది, అండమాన్ కబుర్లు రేడియో మీద బయటికి చేర్చింది. వాళ్లు వాడింది వేరే బ్యాండు, వేరే పద్ధతి. కానీ అలాంటి రోజున గాలిలో వెళ్లేవి మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు. స, ష తేడా చెప్పే శబ్దం చాలావరకు 3 కిలోహెర్ట్జ్‌కు పైనే ఉంటుంది, రేడియో దాన్ని ముందే కోసేస్తుంది. మిగిలిన కాస్తనూ లింకు పాడుచేస్తే పేరే తప్పుగా పోతుంది.

అందుకే వానాకాలం లోపు మన లింకు మీద మాట్లాడేవాళ్లంతా సెట్టు మెనూ ఒకసారి చూడండి. చాలామంది వాడే చైనా యూవీ-5ఆర్‌లో వైడ్, నారో ఎంపిక మెనూ 5వ నంబరులో ఉంటుంది. వైడ్‌లో పెట్టండి. నారో తప్ప వేరే దారిలేని పాత సెట్టుంటే లింకు చూసేవాళ్లకు చెప్పండి, దానికి వేరే ఛానెల్, వేరే లెవెల్ పెట్టొచ్చు.