డ్రిఫ్ట్‌వుడ్ దిగిన నీళ్ళు

అక్వేరియంలో కొత్తగా డ్రిఫ్ట్‌వుడ్ చెక్క పెట్టిన కొద్ది రోజులకే నీళ్ళు తేనెరంగుకు తిరుగుతాయి. మరికొన్ని రోజులకు టీ డికాక్షన్‌లా ముదురుతాయి. నీళ్ళు పాడయ్యాయనుకుని చాలామంది తొట్టి మొత్తం ఖాళీ చేసి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తోమి మళ్ళీ నింపుతారు. ఆ రంగు చేపలను ఏమీ చేయదు. ఈ కంగారే వాటికి హాని చేస్తుంది. చేపల విసర్జనలోంచి వచ్చే అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఆ స్పాంజిలోనే కాపురముంటుంది. కుళాయి నీళ్ళలోని క్లోరిన్‌కు అది చచ్చిపోతే, తేటనీళ్ళలోనే చేపలు విషం తాగుతాయి.

రంగుకు కారణం చెక్కలోంచి దిగే టానిన్లు, హ్యూమిక్ పదార్థాలు. కరక్కాయ వగరు, తుమ్మబెరడు వగరు టానిన్లవే. శ్రీకాళహస్తిలో కలంకారీ గుడ్డకు కరక్కాయ రసం పట్టించేదీ వాటికోసమే.

బ్రెజిల్‌లోని రియో నీగ్రో నది నిండా ఇలాంటి నీళ్ళే. అడవిలో రాలి కుళ్ళిన ఆకులు, కొమ్మల సారమంతా అందులో దిగుతుంది. చాలాచోట్ల ఆ నీటి పీహెచ్ 5కు అటూఇటూ ఉంటుంది, అంటే అది ఆమ్లగుణమున్న నీరు. మన తొట్లలో నీలం, ఎరుపు చారలతో మెరిసే కార్డినల్ టెట్రాలు పుట్టింది ఆ నది పరీవాహకంలోనే. వాటికి గోధుమరంగు నీళ్ళు పుట్టిల్లు. థాయ్‌లాండ్‌లో బెట్టా చేపలు పెంచేవాళ్ళు ఎండిన బాదం ఆకులు వేసి కావాలనే నీటికి రంగు తెప్పిస్తారు. మన వీధుల్లో గొడుగులా పరుచుకునే బాదం చెట్టు ఆకులే అవి.

ఇదే డ్రిఫ్ట్‌వుడ్‌ను తేటనీళ్ళలో నిలిపి చూపినవాడు జపాన్‌కు చెందిన తకాషి అమానో. 1954లో నీగాతాలో పుట్టిన ఈ ఫొటోగ్రాఫర్, చెక్క, రాయి, నాచు, మొక్కలతో నీటిలో అడవిని కూర్చే నేచర్ అక్వేరియం పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేశాడు. 2015లో, తాను కన్నుమూసిన ఏడాదే, లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల పొడవైన తొట్టిని తీర్చిదిద్దాడు. మొక్కలకు వెలుతురు అందాలి కనుక ఈ పద్ధతిలో నీళ్ళు తేటగా ఉండాల్సిందే. రంగును ఉంచుకోవడమూ, తీసెయ్యడమూ రెండూ నేర్చుకోదగిన విద్యలే. ఏ చేపలు, ఏ మొక్కలు పెంచుతున్నామన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి.

ముందు ఆ రంగేమిటో పోల్చుకోవాలి. ఒక తెల్లటి గ్లాసులో తొట్టి నీళ్ళు పట్టి చూడండి. గోధుమరంగులో ఉన్నా అడుగు స్పష్టంగా కనిపిస్తే టానిన్. పాలు కలిసినట్టు తెల్లగా మసకబారితే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగిందని అర్థం. అప్పుడు మేత తగ్గించి, అమ్మోనియా పరీక్షించాలి. ఆకుపచ్చగా ఉంటే నాచు పెరిగినట్టు. వెలుతురు తగ్గించాలి.

టానిన్‌ను తగ్గించాలంటే, చెక్కను తొట్టిలో పెట్టకముందే పని మొదలుపెట్టాలి. సబ్బు తగలకుండా బ్రష్‌తో రుద్ది కడగాలి. గిన్నెలో పట్టే ముక్కయితే నీళ్ళు మారుస్తూ గంటా రెండు గంటలు ఉడికించాలి. పెద్దదయితే బకెట్లోనో డ్రమ్ములోనో ముంచి, రోజూ నీళ్ళు మారుస్తూ రంగు పలచబడేదాకా నానబెట్టాలి. దీనికి వారాలు పట్టవచ్చు. తేలే చెక్క నీళ్ళు పీల్చుకుని మునిగేదీ ఈలోపే. పచ్చి కొమ్మలు, జిగురు కారే చెక్క, రంగో పురుగుమందో తగిలిన కలప వాడకూడదు.

తొట్టిలో పెట్టాక కూడా కొంత రంగు దిగుతూనే ఉంటుంది. వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మార్చండి. కొత్త నీళ్ళలో క్లోరిన్ విరిచే మందు కలపడం మరవద్దు. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెడితే రంగును పట్టేస్తుంది. అయితే కొన్ని వారాలకు దాని శక్తి అయిపోతుంది కనుక మారుస్తుండాలి. చేపలకు మందు వేసే రోజుల్లో దాన్ని తీసెయ్యాలి. లేకపోతే మందును కూడా పీల్చేస్తుంది. కొత్త చెక్క మీద తెల్లటి జిగురు పొర కనిపిస్తే బెదిరిపోనక్కర్లేదు. రొయ్యలు, నత్తలు దాన్ని ఇష్టంగా తింటాయి.

మన ప్రాంతంలో చాలామంది తొట్లు నింపేది బోరు నీళ్ళతో. సున్నం ఎక్కువగా ఉండే ఆ నీళ్ళలో ఒక చెక్కముక్క నుంచి దిగే ఆమ్లగుణం వల్ల పీహెచ్ పెద్దగా కదలదు. ఆర్‌వో నీళ్ళు వాడేవాళ్ళు మాత్రం పీహెచ్ చూస్తుండాలి. వాటిలో ఆమ్లగుణాన్ని ఆపే లవణాలు దాదాపు ఉండవు కాబట్టి పీహెచ్ త్వరగా పడిపోతుంది. క్షారజలం కోరే మలావీ సరస్సు సిక్లిడ్లకు డ్రిఫ్ట్‌వుడ్ కన్నా రాళ్ళే తగినవి. టెట్రాలు, బెట్టాలు, ఏంజెల్ చేపలు ఉన్న ఇంట్లో ఆ రంగును అలాగే ఉండనిచ్చినా నష్టం లేదు.

చెక్కను కొనడం ఒక్క పూట పని. దాన్ని నానబెట్టి, నీళ్ళు మార్చి, రంగు చదివి, చేపల నడక గమనించడం వారాల పని. ఆ వారాలు ఓపిక పట్టినవాళ్ళకే నీటిని అర్థం చేసుకోవడం అబ్బుతుంది. చేపలను బతికించేది ఆ విద్యే.