బందరు చూడబోవువారికి

బందరు చూడవచ్చు మిత్రులు మొదట కోటకు దారి యడుగుదురు; నేను వారిని ముందుగా చేరువనున్న అద్దకపు ఊరు పెడనకు పొమ్మందును. కోట చూడదగినదే. 1759లో కర్నలు ఫోర్డు దానిని ఫ్రెంచివారినుండి గైకొనుటతో ఉత్తర సర్కారులలో వారి ప్రాబల్యము సడలినది. కాని డచ్చివారును, 1611లో గ్లోబు అను ఓడపై వచ్చిన ఆంగ్లేయులును గోలకొండ సుల్తానుల యీ రేవున దిగుటకు, ఇచ్చటి పల్లెలలో నేసి యద్దిన వస్త్రములే ముఖ్యకారణము. పారసీకమునకును, తూర్పుదీవులకును ఆ బట్టలు ఓడల కెక్కినవి. అట్టి మూలమును విడిచి శిథిలములను మాత్రము చూచి మరలుట నాకు సమ్మతము గాదు.

పెడనలో కలంకారీ అద్దకపు పాక చొరగానే కరక్కాయ వగరువాసన సోకును. గంజి పోవ ఉదికి, కరక్కాయనీట ముంచి యారవేసిన నూలుబట్టపై, పాత యినుపముక్కలను బెల్లపునీట నానబెట్టి తీసిన కసిమిని టేకు అచ్చుతో అద్దినచో నలుపు నిలుచును. ఎఱుపు తీరు వేరు. అచ్చటచ్చట అచ్చు మోపి వేయునది పటిక. అప్పటికి బట్టపై ఎఱుపు జాడయే యుండదు. దానిని కాలువలో జాడించి, రాగికాగులో పూర్వము చిరివేరుతోను, ఇప్పుడు అలిజరిన్‌తోను కాచునప్పుడు, పటిక తగిలినంతమేర ఎఱుపు పట్టి, పూలును తీగెలును క్రమక్రమముగ బయల్పడును. ఎన్నిమారులు చూచినను ఆ ఘడియలో నాకు ఒడలు పులకించును.

జాడించు నీరు పారునదియై యుండవలెను. నిలువనీట విడివడిన పటిక మరల ప్రక్కలకు ప్రాకి, కాచునపుడు తెల్లగా నుండవలసిన చోటులను మరకచేయును. కావుననే ఈ పరిశ్రమ కాలువల నాశ్రయించినది. పెడన కాలువగట్టును నేను కోటబురుజులకంటె గొప్ప చారిత్రకస్థలముగ నెంతును.

ఆ పిదప డచ్చివారి శ్మశానవాటికలోని చెక్కడపు సమాధిశిలలను, బందరుకోటను తీరికగా చూడవచ్చును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్న తీరమిదియని యచ్చట స్మరింపవలెను. రేవు మరల పూర్వవైభవమును పొందలేదు. అద్దకము మాత్రము నిలిచినది.

నేడు దానికి వచ్చిన యాపద స్క్రీనుముద్రణ. అదే పూవు, అదే తీగె, అదే కలంకారీ పేరు, తక్కువ వెల. కొనువారు తొందరపడక బట్టను విప్పి పరచి, అచ్చునకును అచ్చునకును నడుమ చేయి కలిపిన యతుకులు వెదకవలెను. అవి రవంత యెగుడుదిగుడుగ నున్నచో నిశ్చింతగా వెల చెల్లింపుడు.