సంతలో సీసా, పెరట్లో అడ్డసరం

బస్తర్ దక్షిణాన కొంటా, భోపాలపట్నం వైపు సంతల్లో తెలుగు బాగానే నడుస్తుంది. అక్కడ తెమడ దగ్గుకు మందడిగితే రెండు సలహాలు వస్తాయి. అడ్డసరం కషాయం కాచి తేనె కలుపుకోమని పెద్దవాళ్లు అంటారు, అంగట్లో సీసా కొనుక్కోమని కుర్రవాళ్లు. 2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం హాట్ బజార్ క్లినిక్‌లు మొదలుపెట్టాక వైద్య బృందాలే సంతకు వస్తున్నాయి గానీ, ఈ పోటీ తెగలేదు.

నిజానికి ఇవి పగవాళ్లు కావు, చుట్టాలు. అడ్డసరం ఆకులోని వాసిసిన్ అనే పదార్థం నమూనాగానే సీసాల్లో ఉండే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. 1960లలో యూరప్‌లో అమ్మకానికి వచ్చింది. అంబ్రాక్సాల్ దాని సంతానమే. రెండూ చిక్కటి తెమడను పలచన చేసేవే.

సీసా గెలిచేది మోతాదు దగ్గర. చెంచాలో ఎన్ని మిల్లీగ్రాములో లేబుల్ చెబుతుంది. కషాయంలో ఆ లెక్క ఉండదు. లేతాకా ముదురాకా, ఎంతసేపు మరిగింది అన్నదాన్ని బట్టి బలం మారిపోతుంది. గర్భసంచిని సంకోచింపజేసే గుణం ఉంది కాబట్టి గర్భిణులకు అడ్డసరం అసలే వద్దు. 'ఆకేగా, ఏం చేస్తుంది' అనేవాళ్లు ఈ మాట వినాలి.

అయితే లేబుల్ పూర్తిగా చదివితే సీసా పరువూ పోతుంది. చాలావాటిలో బ్రోమ్‌హెక్సిన్, గ్వైఫెనెసిన్, టెర్బ్యుటలైన్ కలిసి ఉంటాయి. టెర్బ్యుటలైన్ బిగుసుకున్న ఊపిరిగొట్టాలను వదులుచేసేది. ఉబ్బసం లేనివాడికి దానివల్ల దక్కేది చేతుల వణుకు, గుండెదడ. ఇంకొన్నిటిలో తెమడను కదిలించే మందు పక్కనే దగ్గును అణిచే డెక్స్‌ట్రోమెథార్ఫాన్! తెమడను బయటికి తోసేదే దగ్గు. దాన్ని కట్టేసి తెమడ రమ్మంటే ఎలా వస్తుంది?

పైగా కల్తీ గండం సీసాకే ఎక్కువ. 2025లో పొరుగు మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పసిపిల్లల్ని బలిగొన్న కోల్డ్‌రిఫ్ జలుబు సిరప్పే గానీ తెమడ మందు కాదు. కానీ అందులో తేలిన డైఎథిలీన్ గ్లైకాల్ విషం ఏ సిరప్‌లోకైనా రావచ్చు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా సిఫారసు చేయకూడదని కేంద్రం అప్పుడు మళ్లీ చెప్పింది.

ఇంతకీ మామూలు దగ్గుకు అంగడి మందులు పనిచేస్తాయా? చేస్తాయనడానికీ, చేయవనడానికీ గట్టి ఆధారం లేదని 2014 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. అడ్డసరానికి ఆ పాటి పరీక్షలూ జరగలేదు. పెద్దవాళ్ల విషయంలో నా మొగ్గు ఒకే మందున్న సీసా వైపు. మూడు కలిపిన సీసా కంటే గోరువెచ్చటి నీళ్లు నయం.

దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం పోలికలన్నీ పక్కన పెట్టండి. క్షయ ఉన్న నేల ఇది. సీసా కొనొద్దు, కషాయం కాచొద్దు. ఆ తెమడనే డబ్బాలో పట్టి ప్రభుత్వాసుపత్రిలో ఇవ్వండి. పరీక్ష ఉచితం.